'త్రీ కలర్స్: బ్లూ' చిత్రంలో జూలీని బతికించింది ఏమిటి?

శారద_కాకినాడ

క్రిస్టాఫ్ కీస్లోవ్‌స్కీ 1993లో తీసిన 'త్రీ కలర్స్: బ్లూ' ('బ్లూ', 'వైట్', 'రెడ్' అనే మూడు చిత్రాల వరుసలో మొదటిది) గురించి ఈ వేదికలో అక్కడక్కడ ప్రస్తావనలు వచ్చాయే తప్ప నిలకడగా చర్చ జరగలేదు. అందుకే దీన్ని మొదలుపెడుతున్నాను. ముగింపు దాకా మాట్లాడుకోక తప్పదు కనుక చూడనివారు ముందు సినిమా చూసి రావడం మంచిది.

కథ క్లుప్తంగా ఇది. పొగమంచు కమ్మిన రోడ్డు మీద కారు చెట్టుకు గుద్దుకుంటుంది. పేరుమోసిన స్వరకర్త పాట్రిస్, అతడి చిన్నారి కూతురు ఆనా చనిపోతారు. పాట్రిస్ భార్య జూలీ ఒక్కతే బతుకుతుంది. ఆ పాత్ర జూలియెట్ బినోష్ వేశారు. ఆసుపత్రిలోనే జూలీ ప్రాణం తీసుకోబోయి, తీసుకోలేకపోతుంది. ఆ తరువాత ఆస్తులన్నీ అమ్మేయమని లాయరుకు చెప్పి, భర్త సగంలో వదిలిన స్వరరచనను చెత్తబండిలో పడేసి, పారిస్‌లో ఎవరికీ తెలియకుండా ఒక ఫ్లాటులో చేరుతుంది. పిల్లలు లేని భవనమే కావాలని ఆమె అడగడం గుర్తుంచుకోండి.

ఆమెకు చివరికి "బతకడానికి ఒక కారణం దొరికింది" అని చాలామంది రాస్తారు. ఆ మాటతో నాకు పేచీ ఉంది. కారణం దొరకాలంటే వెతకాలి కదా. జూలీ వెతకదు సరికదా, కనబడిన ప్రతి కారణాన్నీ తప్పించుకుని తిరుగుతుంది. జ్ఞాపకశక్తి చెదిరి, కూతురినే తన చెల్లెలనుకుంటున్న తల్లి దగ్గర కూర్చుని, ఇక తనకు ఆస్తులూ జ్ఞాపకాలూ స్నేహాలూ ప్రేమలూ ఏవీ వద్దని, అవన్నీ వలలేనని చెబుతుంది. ఆ మాట అర్థమయ్యే స్థితిలో లేని మనిషికి మాత్రమే ఆ మాట చెప్పగలగడం నన్ను ఎప్పుడూ కలచివేస్తుంది.

నా అభిప్రాయం ఏమిటంటే, జూలీని బతికించినవి ఆమె కోరుకున్నవి కావు, ఎదుటివాళ్లు ఆమెను అడిగినవి. అదే భవనంలో ఉండే లూసీల్‌ను ఖాళీ చేయించడానికి భవనంలో అందరి సంతకాలూ సేకరిస్తుంటే, జూలీ సంతకం పెట్టనంటుంది. అది దయ కూడా కాదు, ఆ గొడవ తనది కాదనుకుంటుంది, అంతే. కాని ఆ సంతకం లేకపోవడం వల్ల లూసీల్ అక్కడే ఉండగలుగుతుంది, పూలు పట్టుకుని తలుపు తడుతుంది, అక్కడి నుంచి ఒక బంధం మొదలవుతుంది. ఏమీ చేయకుండా ఉందామనుకున్న మనిషి కూడా ఏదో ఒకటి చేసినట్టే అవుతుంది. మీరేమంటారు?

నిద్రగన్నేరు

శారద గారూ, నేను నర్సును, పనిచేసేది ప్రమాద కేసులు ఎక్కువగా వచ్చే వార్డులో. అందుకని ఈ సినిమాలో మొదటి పది నిమిషాల గురించే ఎక్కువ చెప్పగలను.

జూలీకి వార్త చెప్పే డాక్టరు ముఖం మనకు నేరుగా కనిపించదు. తెరంతా నిండిన ఆమె కన్నులో, నల్లగుడ్డు మీద, చిన్న నీడలా అతడు కనిపిస్తాడు. అంతకుముందు దిండు పక్కన ఒక ఈక ఆమె ఊపిరికి కదులుతూ ఉంటుంది. ఆ స్థితిలో ఉన్నవారి ప్రపంచం నిజంగానే అంత చిన్నదైపోతుంది. మా వార్డులో ఇంటిల్లిపాదినీ పోగొట్టుకున్నవారు పక్కన జరుగుతున్న ఏడుపులు పట్టించుకోకుండా సెలైన్ చుక్కలను గంటల తరబడి చూస్తూ ఉండిపోవడం నేను చూశాను. వారికి ఏమీ పట్టలేదని బంధువులు అనుకుంటారు. అది పొరపాటు.

ఇక ఆ మందుల సన్నివేశం. అందులో నన్ను ఆకట్టుకున్నది అక్కడి నర్సు. అద్దానికి అవతల నిలబడి అంతా చూస్తుంది. అరవదు, పరుగెత్తదు, నీతులు చెప్పదు. జూలీ తానుగా ఆగి, తన వల్ల కాలేదని చెప్పి, అంతకుముందు పగలగొట్టిన కిటికీ అద్దానికి క్షమాపణ అడుగుతుంది. అద్దం మళ్లీ వేయిస్తామని నర్సు అంటుంది. అంత సాదాసీదా మాట. నేను చూసినంతవరకు, ఆ గడియ దాటినవారికి మొదట అందవలసింది ఇటువంటి మాటే. నువ్వు చేసినది ఘోరమని కాదు, నీకు ఇంకా ఎంతో జీవితం ఉందని కూడా కాదు. అద్దం మార్పిస్తాం, పడుకో అని.

శారద గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఎదుటివాళ్లు అడగడం కంటే ముందు, జూలీ శరీరమే చావడానికి ఒప్పుకోలేదు. ఆ తరువాత జరిగిందంతా శరీరం తీసుకున్న నిర్ణయాన్ని మనసు చాలా కాలం వరకు అంగీకరించకపోవడమే.

నిర్వాహకులు

చర్చ సాగనివ్వండి. ఈ విషయం కొందరికి చాలా దగ్గరిది కావచ్చు కనుక ఒక్క మాట. చదువుతున్నవారిలో ఎవరికైనా బతకాలనిపించని రోజులు నడుస్తుంటే, దయచేసి ఒంటరిగా మోయవద్దు. భారతదేశంలో మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. ఇక్కడ నాకు ప్రైవేటు సందేశం పంపినా సరే.

స్వరలిపి

సంగీతం నేర్పే వృత్తిలో ఉన్నందువల్ల నాకు ఈ సినిమా వేరేగా వినిపిస్తుంది. శారద గారి వాదనతో సగమే ఏకీభవిస్తాను.

జూలీని వెంటాడేది మనుషులకంటే ముందు స్వరం. ఆసుపత్రి వరండాలో కునుకు తీస్తున్న ఆమె మీద ఒక్కసారిగా ఆర్కెస్ట్రా విరుచుకుపడుతుంది, నీలి వెలుగు ముఖం మీద పడుతుంది, ఆ వెంటనే పత్రికావిలేఖరి పలకరిస్తుంది. ఆ పలకరింపుకూ జవాబుకూ మధ్య తెర పూర్తిగా నల్లబడి, సంగీతం మోగి, మళ్లీ అదే క్షణానికి తిరిగి వస్తాం. సినిమా మొత్తంలో ఇలా నాలుగుసార్లు జరుగుతుంది. మామూలుగా తెర నల్లబడితే కాలం గడిచిందని అర్థం. ఇక్కడ మాత్రం కాలం అసలు కదలలేదని అర్థం. దుఃఖంలో ఉన్నవారితో మాట్లాడుతున్నప్పుడు మన ప్రశ్నకు ఒక్క క్షణం ఆలస్యంగా జవాబు వస్తుందే, ఆ ఒక్క క్షణంలో వారు ఎక్కడికి వెళ్లి వస్తారో ఈ దర్శకుడు చూపించాడు.

స్వరకర్త జ్బిగ్నేవ్ ప్రైస్నర్ ఈ సంగీతంలో ముఖ్యభాగాన్ని షూటింగుకు ముందే సిద్ధం చేశాడు. అందుకే దృశ్యం సంగీతాన్ని మోస్తున్నట్టు ఉంటుంది గాని, దృశ్యానికి సంగీతం అతికించినట్టు ఉండదు.

అసలు విషయానికి వస్తాను. పాట్రిస్ సహచరుడు ఒలివియే ఆ అసంపూర్ణ రచనను పూర్తిచేయడానికి పూనుకుంటాడు. జూలీ పడేసినది ఒక్క ప్రతినే, మరొక నకలు మిగిలి ఉంది. చివరి భాగంలో ఇద్దరూ కూర్చుని దాన్ని సవరిస్తారు. జూలీ వేలు స్వరాల వెంట కదులుతుంటే మనకు అదే వినిపిస్తుంది. తాళవాద్యాలు తీసేద్దామంటుంది, అవి మాయమవుతాయి. ట్రంపెట్లు తీసేద్దామంటుంది, అవీ పోతాయి. పియానో ఉన్నచోట వేణువు పెడదామంటుంది, ఆ వరుస ఒక్కసారిగా తేలికపడుతుంది. ఆ సమయంలో కెమెరా కావాలనే గదిని మసకబార్చేస్తుంది. చూడడానికి ఏమీ మిగలదు, వినడం తప్ప.

ఆ సన్నివేశంలో జూలీ ముఖంలో ఉన్నది సంతోషం కాదు. పని తెలిసిన మనిషి పనిలో పడినప్పుడు వచ్చే ఏకాగ్రత. భర్త పేరుతో వెలువడిన సంగీతం నిజానికి ఎవరు రాశారు అని విలేఖరి మొదట్లోనే అడుగుతుంది. సినిమా సూటిగా జవాబు చెప్పదు గాని ఈ సన్నివేశం చూశాక నాకు సందేహం లేదు. ఆమెను బతికించింది ఆమె విద్య. ఎవరో అడిగినందుకు కాదు, ఆ వరుస తప్పుగా ఉంటే భరించలేదు గనుక.

మేడిచెట్టు

మీ ముగ్గురూ చాలా లోతుగా రాశారు. కాని నాకు ఈ సినిమాతో ఉన్న రెండు అభ్యంతరాలు చెప్పకుండా ఉండలేను.

మొదటిది. జూలీకి డబ్బుంది. తల్లి వృద్ధాశ్రమం ఖర్చుకు, ఇంట్లో పనిచేసినవారి భృతికి ఏర్పాటు చేసి, అన్నీ వదిలి వెళ్లిపోగలదు. మా పల్నాడులో భర్త పోయిన ఆడమనిషికి పదకొండు రోజులు ఇల్లు దాటే వీలుండదు, పన్నెండో రోజు నుంచి అప్పులవాళ్లు వాకిట్లో కూర్చుంటారు. దుఃఖించడానికి ఆమెకు వేళ దొరకదు. ఏమీ చేయకుండా ఉండడమే తనకు మిగిలిందని జూలీ అన్నప్పుడు, ఆ మాట అనగలగడం ఎంత పెద్ద వెసులుబాటో ఆలోచించకుండా ఉండలేకపోయాను.

రెండోది ఒలివియే. ఆ రచనను తాను పూర్తిచేస్తున్నానని టీవీలో ప్రకటించడం జూలీని కదిలించడానికేనని అతడే ఒప్పుకుంటాడు. ఆమె ఏడవాలి, పరుగెత్తి రావాలి, కావాలనో వద్దనో అనాలి, అదీ అతడి ఉద్దేశం. ఫలితం మంచిదైనంత మాత్రాన ఇది సరైన పనేనా? దుఃఖంలో ఉన్న మనిషిని ఎంతకాలం అలా ఉండాలో నిర్ణయించే హక్కు ప్రేమించేవాడికి ఎవరిచ్చారు?

లియోన్_వాసి

మేడిచెట్టు గారి మొదటి అభ్యంతరం మీద నా మాట. ఫ్రాన్స్‌లో చాలా కాలంగా ఉంటున్నాను. ఇక్కడి భవనాల్లో మెట్ల మీద ఎదురైనవారు పలకరిస్తారు గాని ఏమీ అడగరు. మౌనాన్ని మర్యాదగా ఇస్తారు. మన ఊళ్లో అయితే, ఏడవకుండా కూర్చున్న మనిషిని చూసి పెద్దవాళ్లు కంగారుపడి, ఎలాగైనా ఏడిపించండమ్మా, లేకపోతే గుండె పగిలిపోతుంది అంటారు. ఈ సినిమాలోనూ ఆ మాటకు దగ్గరి మాట ఒకటి ఉంది. ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు వంటగది పక్కన పనిమనిషి వెక్కివెక్కి ఏడుస్తుంటుంది. ఎందుకు ఏడుస్తున్నావని జూలీ అడిగితే, మీరు ఏడవడం లేదు కనుక అంటుంది. కాకినాడైనా పారిస్ శివార్లైనా, ఎవరో ఒకరు ఏడవాలి.

డబ్బు గురించి మీరు అన్నది నిజమే. కాని కీస్లోవ్‌స్కీ ఆ డబ్బును కావాలనే ఇచ్చాడని నేను అనుకుంటాను. ఫ్రెంచి జెండాలోని మూడు రంగులకు స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం అని పేరు. నీలానికి వచ్చింది స్వేచ్ఛ. అప్పులు, బాధ్యతలు, భయాలు అన్నీ తీసేసి, ఇంత స్వేచ్ఛ ఉన్న మనిషి కూడా తన గతం నుంచి స్వేచ్ఛ పొందగలదా అని పరీక్షించాడు. పేదరాలిని తీసుకుంటే కథ పేదరికం మీదికి పోయేది.

సినిమాలో ఆ రచన ఐరోపా ఏకీకరణ వేడుక కోసం రాసినది. ఐరోపా సమాఖ్యను ఏర్పరచిన మాస్ట్రిక్ట్ ఒప్పందం అమలులోకి వచ్చింది కూడా 1993లోనే. ఖండమంతా కలిసిపోతున్నామని సంబరపడుతున్న వేళ, ఒక్క మనిషి అందరి నుంచీ విడిపోవడం గురించి పోలండ్ దర్శకుడు సినిమా తీశాడు.

పాతరీలు

కొన్ని వివరాలు, చర్చకు పనికొస్తాయని. ఈ చిత్రానికి 1993 వెనిస్ ఉత్సవంలో గోల్డెన్ లయన్ వచ్చింది; రాబర్ట్ ఆల్ట్‌మన్ 'షార్ట్ కట్స్'తో కలిసి పంచుకుంది. బినోష్‌కు ఉత్తమ నటి బహుమతి కూడా అక్కడే వచ్చింది. ఛాయాగ్రాహకుడు స్లావొమీర్ ఇద్జియాక్. రచనలో కీస్లోవ్‌స్కీకి తోడుగా ఉన్న క్రిస్టాఫ్ పియెసెవిచ్ వృత్తిరీత్యా న్యాయవాది.

నిద్రగన్నేరు గారు చెప్పిన చిన్న ప్రపంచం విషయంలో ఒకటి. కాఫీలో చక్కెర బిళ్ల అంచు ముంచి, అది గోధుమరంగుకు తిరిగేదాకా జూలీ చూసే షాటు ఉంది కదా. అది సరిగ్గా 5 సెకన్లలో తడవాలని కీస్లోవ్‌స్కీ పట్టుబట్టాడు. కొన్ని రకాల బిళ్లలు ఎక్కువసేపు తీసుకుంటున్నాయని, తగినది దొరికేవరకు సహాయకుడి చేత రకరకాల బిళ్లలు పరీక్షింపజేశాడు. అంతకంటే ఎక్కువసేపు ప్రేక్షకుడు ఓర్చుకోడని, ఆ 5 సెకన్లూ ఆమెకు ఎదురుగా ఉన్న మనిషి పట్టలేదని తెలియాలని ఆయనే ఒక ముఖాముఖిలో వివరించాడు.

మరొకటి. వంగిపోయిన ముసలామె సీసాల తొట్టి రంధ్రం అందక అవస్థపడుతుంటే, జూలీ బెంచీ మీద ఎండలో కళ్లు మూసుకుని ఉంటుంది, చూడదు. మూడు చిత్రాల్లోనూ అటువంటి ముసలివారు వస్తారు. 'రెడ్'లో మాత్రమే ఒకరు వెళ్లి సాయం చేస్తారు. శారద గారి వాదనకు ఇది ఎదురు సాక్ష్యం అనుకుంటాను. అడిగినవారందరికీ జూలీ పలకలేదు.

తులసికోట

ఇంతవరకు చదువుతూనే ఉన్నాను. మా తమ్ముడు పోయాక ఈ సినిమా చూశాను. అంతకుముందు ఒకసారి మొదలుపెట్టి, నెమ్మదిగా ఉందని ఆపేశాను.

మేడిచెట్టు గారు చెప్పిన పన్నెండో రోజు నాకు తెలుసు. మాకు అప్పులవాళ్లు లేరు గాని, అంతవరకు కిక్కిరిసిన ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయిపోయింది. అద్దెకు తెచ్చిన కుర్చీలు లెక్కపెట్టి వ్యానులో ఎక్కించుకుపోయాక, ఆ వాకిలి అంత వెడల్పుగా నేనెన్నడూ చూడలేదు. తమ్ముడి స్కూటరు వరండాలోనే ఉంది. బ్యాటరీ దిగిపోతుందని మా నాన్నగారు ప్రతి ఆదివారం దాన్ని స్టార్టు చేసి, కాసేపు ఇంజను నడవనిచ్చి ఆపేస్తారు. ఎవరూ నడపరు, అమ్మమని ఎవరూ అనరు.

అందువల్ల ఆ నీలి దీపం నాకు అర్థమైంది. అన్నీ వదిలేసిన జూలీ, కూతురి గదిలో వేలాడిన ఆ నీలి గాజుపూసల దీపాన్ని మాత్రం తెచ్చుకుంటుంది. వలలన్నీ తెంచుకున్నాననుకున్న మనిషి ఒకటి తన చేతులతోనే కట్టుకుంటుంది. సంచిలో దొరికిన కూతురి మిఠాయిని ఏడవకుండా, దాచుకోకుండా, కరకర నమిలి మింగేసే సన్నివేశం చూసినప్పుడు నేను కాసేపు సినిమా ఆపవలసి వచ్చింది. దుఃఖంలో ఇంత కోపం ఉంటుందని మాకెవరూ చెప్పలేదు. మన దగ్గర పోయినవారి వస్తువులను కళ్లకద్దుకోవడమే చూపిస్తారు.

ఎలుక సంగతి కూడా ఎవరూ ఎత్తలేదు. అలమరలో అప్పుడే పుట్టిన పిల్లలతో ఎలుక ఉంటుంది. జూలీకి భయం. పొరుగాయన పిల్లిని అడిగి తెచ్చి లోపల వదిలి వెళ్లిపోతుంది, ఆ తరువాత తిరిగి ఇంట్లో అడుగుపెట్టలేకపోతుంది. అక్కడ కూడా ఒక తల్లి, పిల్లలు. ఈసారి చంపించినది తాను. ఈత కొలనులో ఉన్న ఆమె దగ్గరికి లూసీల్ వచ్చి, ఏడుస్తున్నావా అని అడిగి, తాళం తీసుకుని, ఆ ఇల్లు తాను శుభ్రం చేస్తానంటుంది. మా పక్కింటి అత్తయ్య ఏమీ అడగకుండా వచ్చి తమ్ముడి గది ఊడ్చి, మంచం మీది దుప్పటి మార్చి వెళ్లింది. ఆ పని మా అమ్మ చేయలేదు, నేను చేయలేను. శారద గారూ, ఎదుటివాళ్లు అడగడమని మీరు అన్నారు. అడగకుండా చేసేవాళ్లు కూడా ఉండాలి.

శారద_కాకినాడ

తులసికోట గారూ, మీ తమ్ముడి గురించి ఇక్కడ చెప్పినందుకు చాలా కృతజ్ఞతలు. మీ మాటతో నా వాదనను కొంత విస్తరించుకుంటున్నాను. లూసీల్ తాళం తీసుకున్నది ఒకనాటి సంగతి. మరొకనాటి అర్ధరాత్రి ఫోన్ చేసి, రమ్మని బతిమాలుతుంది. తాను నాట్యం చేసే క్లబ్బులో ముందు వరసలో కన్నతండ్రి కూర్చోవడం చూసి కుప్పకూలిపోయిన రాత్రి అది. జూలీ లేచి వెళుతుంది. ఒకరు చేశారు, మరొకరు అడిగారు, రెండూ కలిసే నడిచాయి. భర్తకు మరొక స్త్రీ ఉందని జూలీకి తెలిసేదీ అక్కడే, టీవీలో కనిపించిన ఫొటోల వల్ల. గడప దాటకుండా ఉండి ఉంటే ఆ దెబ్బా తగిలేది కాదు, సాండ్రీన్ అనే మనిషీ ఎదురయ్యేది కాదు.

సాండ్రీన్ గురించి పాతరీలు గారికి జవాబు. అవును, ముసలామెను జూలీ చూడలేదు. కాని భర్త బిడ్డను మోస్తున్న సాండ్రీన్ మెడలో తన మెడలో ఉండినటువంటి శిలువనే చూసి, ఆయన నిన్ను ప్రేమించాడా అని అడిగి, జవాబు విని కూడా, అమ్మవద్దని ఆపించిన ఇల్లు ఆ బిడ్డకు ఇస్తుంది. తండ్రి పేరూ ఇల్లూ ఆ పిల్లవాడికే చెందాలంటుంది. సాండ్రీన్ ఏమీ అడగలేదు. మీరు మంచివారని, ఎవరైనా మీ మీద ఆధారపడవచ్చని పాట్రిస్ చెప్పేవాడని మాత్రం అంటుంది. ఆ మాట విన్నప్పుడు జూలీ ముఖంలో ఉన్నది ఆనందం అనుకోను. తనను మోసగించిన భర్త తనను అంత బాగా ఎరిగి ఉండడం ఆమెకు గుచ్చుకుంటుంది.

స్వరలిపి

మేడిచెట్టు గారి రెండో అభ్యంతరానికి ఎవరూ సమాధానం ఇవ్వలేదు కనుక నేను ప్రయత్నిస్తాను. ఒలివియే ఎత్తు వేసిన మాట నిజమే. అయితే ఆఖరున అతడు ఒక షరతు పెడతాడు. రచన పూర్తయ్యాక జూలీ ఫోన్ చేసి వచ్చి తీసుకుపొమ్మంటే, అతడు వద్దంటాడు. తాను రాస్తే అది కాస్త మొరటుగా ఉన్నా తన పేరుతో ఉండాలి. జూలీ రాసినదైతే అది జూలీదని అందరికీ తెలియాలి. పెద్ద స్వరకర్త వెనక పేరు లేకుండా ఉండిపోయిన మనిషిని ఇక ముందుకు రమ్మంటున్నాడు. మొదటి పని తప్పేనని మీతో ఒప్పుకుంటాను. రెండోది మాత్రం, నాకు తెలిసి, జూలీకి ఆ సినిమాలో ఎవరైనా ఇచ్చిన గౌరవాల్లో అన్నిటికంటే పెద్దది.

ముగింపులో వినిపించే బృందగానం గురించి కూడా. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి లేఖ 13వ అధ్యాయాన్ని గ్రీకు భాషలో పాడతారు. ప్రేమ లేకపోతే ఎంత జ్ఞానమూ ఎంత విశ్వాసమూ వ్యర్థమని చెప్పే వచనాలు. ఆ పాట నడుస్తుండగా కెమెరా శిలువ పట్టుకున్న ఆంత్వాన్ (మొదట్లో ప్రమాదాన్ని చూసిన కుర్రవాడు) మీదుగా, తల్లి మీదుగా, లూసీల్ మీదుగా, సాండ్రీన్ గర్భంలోని శిశువు మీదుగా వెళ్లి జూలీ దగ్గర ఆగుతుంది. ప్రేమ అంటే వలే కదా అన్న మనిషి తానే ఆ వచనాలకు స్వరం పూర్తిచేసింది.

నిద్రగన్నేరు

అక్కడ ఆమె ఏడుస్తుంది. సినిమా అంతా ఒక్క చుక్కయినా సరిగ్గా రాలని ఆ కళ్ల నుంచి అప్పుడు ధారగా కారుతుంది. దీన్ని కొందరు విషాదాంతం అంటారు. మా వార్డులో ఎవరైనా అలా ఏడిస్తే ఆ రోజు కేసుషీటులో మెరుగు అని రాసుకునేదాన్ని.

మేడిచెట్టు

ఒలివియే విషయంలో స్వరలిపి గారి జవాబు నాకు నచ్చింది. షరతు సంగతి నేను అంతగా పట్టించుకోలేదు. డబ్బు విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను. స్వేచ్ఛను పరీక్షించడానికి అడ్డంకులన్నీ తీసేయడం ఒక పద్ధతి అయితే, అడ్డంకుల మధ్యనే దుఃఖించేవారి కథకు కూడా ఇంత ఓపికగా, చక్కెర బిళ్లను కూడా వదలకుండా చూసే దర్శకుడు కావాలి. కీస్లోవ్‌స్కీ 1996 మార్చిలో పోయాడు, ఆయనను అడగలేం. తెలుగులో పన్నెండో రోజు నుంచి మొదలయ్యే సినిమా ఎవరైనా తీస్తే, తులసికోట గారి వాకిలి నుంచి మొదలుపెట్టమని చెబుతాను.

తులసికోట

తీస్తే చూస్తాను. కాని స్కూటరును అమ్మినట్టు మాత్రం చూపించవద్దని చెప్పండి.